దీన్ని కాదు, దీన్ని

వీడియోఅక్క రికార్డింగు మొదలుపెట్టిందంటే ఇల్లంతా ఊపిరి బిగబట్టాల్సిందే. ఫ్యాను ఆగిపోతుంది. కుళాయి తిప్పకూడదు. భర్త పిల్లిలా అడుగులేస్తాడు. అత్తగారైతే ఈ వయసులో తుమ్ము ఆపుకోవడం నేర్చుకున్నారు. ఆగనని మొండికేస్తే చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనకగదిలోకి పరుగెత్తుతారు. అందుకు ఆవిడకేమీ కష్టం లేదు. "మా కోడలు మాట్లాడితే ఆఫీసంతా వింటుంది" అని ఫోన్లో అయినవాళ్ళకూ కానివాళ్ళకూ చెప్పుకుంటారు.

వీడియోఅక్క అన్న పేరు ఆఫీసువాళ్ళు పెట్టిందే. ఆఫీసంటే భవనం కాదు, ఎవరింట్లో వాళ్ళు కూర్చుని పనిచేసే ఓ చిన్న జట్టు. కంటి ఆసుపత్రుల్లో రోగులకు అపాయింట్‌మెంట్లు ఇచ్చే సాఫ్ట్‌వేరు వాళ్ళది. ఆ జట్టుకు ఆమె లీడ్. లీడ్ అయిన వారంలోనే "ఈ రాతలు కట్టిపెట్టండర్రా, మాట్లాడండి" అని తీర్మానం చేసింది. ఎవరు ఏ పని చేసినా, ఎవరికి ఏం చెప్పాలన్నా ఒక చిన్న వీడియో తీసి జట్టు బోర్డులో పెట్టాలి. తెర కనిపిస్తుంటుంది, మూలన గుండ్రటి గడిలో మనిషి మొహం కనిపిస్తుంటుంది, గొంతు వినిపిస్తుంటుంది. ఇంకేం కావాలి?

"రాసినదాంట్లో మనిషి కనపడడు సార్. కోపంగా అన్నాడో నవ్వుతూ అన్నాడో తెలిసి చావదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, చేతిరాత మంచిదైతే అని ఎవరైనా అన్నారా?" అని ఆమె అడిగితే పెద్దసారు పడీపడీ నవ్వాడు. ఆమె నోరు నిజంగానే మంచిది. కొత్తగా చేరినవాళ్ళు కూడా ఆమె వీడియో చూస్తే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పినట్టుందనేవాళ్ళు. ఈ పద్ధతిని కంపెనీలో మిగతా జట్లన్నింటికీ నేర్పే బాధ్యత ఆమెకే ఇస్తామని, దాంతోపాటు హోదా కూడా పెరుగుతుందని పెద్దసారు ఇదివరకే చెవిన వేశాడు. నెలాఖరుకు ఉత్తర్వు రావాలి.

ఆ సోమవారం ఆమె తీసింది మామూలు వీడియోనే. ఆసుపత్రుల నుంచి రోగుల ఫోన్లకు వెళ్ళే సందేశాలను ఎలా పరీక్షించాలో అందులో చెప్పాలి. తెర మీద రెండు గళ్ళున్నాయి. ఒక గడిలోంచి పంపితే సందేశం జట్టువాళ్ళ ఫోన్లకు మాత్రమే వెళుతుంది. రెండోదాంట్లోంచి పంపితే నిజమైన రోగులకే పోతుంది. రెండింటి కిందా ఒకే రంగులో, ఒకే సైజులో 'సెండ్' అని బటన్లు. వాటికి వేరే పేర్లు పెట్టాలని జట్టులో అందరికీ తెలుసు. రేపు మారుద్దాం, రేపు మారుద్దాం అనుకుంటూ వచ్చారు. పాతవాళ్ళకు ఏది ఏదో చేతికి అలవాటైపోయింది.

బటన్ల దగ్గరికి వచ్చేసరికి ఆమె జాగ్రత్తగా మౌసు మీంచి చెయ్యి తీసేసింది. మాట్లాడే ఊపులో పొరపాటున నొక్కుకుపోతే కొంప మునుగుతుంది. బల్ల మీది పెన్సిల్ తీసుకుని, ముందుకు వంగి, తెరను మొనతో తాకుతూ చెప్పింది. గొంతు కూడా కాస్త పెంచింది. ముఖ్యమైన మాట దగ్గర గొంతు పెంచాలని ఆమె అందరికీ నేర్పుతుంటుంది. అయిపోయాక చివర్లో ఒక నవ్వు నవ్వి, బోర్డులో పెట్టేసి, ఫ్యాను వేసింది. వెనకగదిలో ఫిరంగిలా తుమ్ము పేలింది.

కూతురు గుడ్డ తెచ్చి తెర తుడవడం మొదలుపెట్టింది.

"మళ్ళీ గీతలు పెట్టావా అమ్మా! మా టీచర్ కూడా బోర్డు మీద ఇన్ని గీతలు పెట్టదు."

"మీ టీచర్‌కి జీతం తక్కువేమోనే" అంది తల్లి నవ్వుతూ.

మధ్యాహ్నం ఆ వీడియో కింద ఒక ప్రశ్న కనిపించింది. అడిగింది నిదానం.

నిదానం అంటే జట్టులో కొత్త టెస్టర్. ఇల్లూ పిల్లలూ అని ఉద్యోగం మానేసి, చాలా ఏళ్ళకు మళ్ళీ పనిలోకి వచ్చిన మనిషి. ఇంకా ఖాయం కాలేదు, పరీక్షాకాలంలోనే ఉంది. ప్రతిదీ చూసుకుని, సరిచూసుకుని, మళ్ళీ ఒకసారి చూసుకుని గానీ ముందుకు కదలదని కుర్రాళ్ళు ఆ పేరు పెట్టారు. ఆమె కూడా నవ్వేసి ఊరుకుంది. వీడియో తియ్యమంటే మాత్రం ఆమెకు నోరు పెగిలేది కాదు. వీడియోల కింద ఎవరూ రాయని ఆ ఖాళీలో పొట్టిపొట్టి వాక్యాలు రాసేది.

"అక్కా, రెండు సెండ్ బటన్లు ఉన్నాయి. ఏది నొక్కాలి?"

వీడియోఅక్కకు కాస్త చిరాకు వేసింది. అంత వివరంగా, గొంతు పెంచి మరీ చెప్తే ఇదేం ప్రశ్న? అందరూ ఇలా రాసి అడుగుతూ పోతే ఇక వీడియోలు ఎందుకు? "వీడియో మళ్ళీ చూడమ్మా, అందులోనే ఉంది" అని రాసి, చిరాకు కనపడకుండా పక్కన ఒక నవ్వు బొమ్మ పెట్టింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా!

కాసేపటికి కింద "సరే అక్కా" అని వచ్చింది. ఆ కథ అంతటితో అయిపోయిందనే ఆమె అనుకుంది.

బుధవారం పొద్దున ఇంకా టిఫిన్ల దగ్గరే ఉండగా ఫోన్లు మొదలయ్యాయి. 'మీ అపాయింట్‌మెంట్ రద్దయింది' అన్న పరీక్ష సందేశం మూడు ఊళ్ళ ఆసుపత్రుల్లో ఆ రోజు రావలసిన రోగులందరికీ వెళ్ళిపోయింది. డాక్టర్లు వచ్చి కూర్చున్నారు, ఎదురుగా కుర్చీలు ఖాళీ. ఒక పెద్దాయన కంటి ఆపరేషన్ కోసం పరగడుపున ఉండి, సందేశం చూసి, హాయిగా తినేశాడట. ఆపరేషన్ ఆగిపోయింది. మళ్ళీ ఎప్పుడు కుదురుతుందో తెలియదు. ఆయన కొడుకు ఆసుపత్రి వాళ్ళను తిట్టాడు, ఆసుపత్రి వాళ్ళు పెద్దసారును తిట్టారు. పెద్దసారు తిట్టడానికి మనిషి కోసం చూస్తున్నాడు.

మనిషి తేలిగ్గానే దొరికింది. నొక్కింది నిదానం.

అందరూ తెరల మీద గళ్ళుగళ్ళుగా ప్రత్యక్షమయ్యారు. నిదానం గడిలో మొహం సగమే కనిపిస్తోంది. కెమెరా సరిచేసుకోవాలన్న ధ్యాస కూడా ఉన్నట్టు లేదు.

"ఏది నొక్కాలో ఈమెకు ఎవరూ చెప్పలేదా?" అన్నాడు పెద్దసారు.

"చెప్పాను సార్. సోమవారం వీడియోలో స్పష్టంగా చెప్పాను" అంది వీడియోఅక్క. అబద్ధమాడుతున్నానని ఆమెకు తెలియదు. అందుకే మాట ఎక్కడా తొట్రుపడలేదు.

"మేమూ చూశాం సార్, చాలా క్లియర్‌గా ఉంది" అన్నారు ఇద్దరు కుర్రాళ్ళు. వాళ్ళు చూసిన మాట నిజమే. రెట్టింపు వేగంతో చూశారు. ఏ బటన్ ఏదో వాళ్ళకు ముందే తెలుసు కాబట్టి అందులో ఏం చెప్పారన్నది వాళ్ళకు పట్టలేదు.

"నిదానం గారు కూడా తొందరపడితే ఇక మా గతేంటండీ" అని ఒకడు గొణిగాడు. ఎవరో కిసుక్కుమన్నారు.

"మీరేమంటారు?" అని పెద్దసారు నిదానాన్ని అడిగాడు.

ఆమె నోరు తెరిచింది. అంతలో మైకు ఆపేసి ఉందని ఎవరో చెప్పారు. ఆన్ చేసుకునేసరికి చెప్పదలచుకున్నది గొంతులోనే ఉండిపోయినట్టుంది. "చూశానండీ. నాకే అర్థమై ఉండదు" అంది.

పరీక్షాకాలంలో ఉన్న మనిషికి ఆ ఒక్క మాట చాలు. శుక్రవారం సాయంత్రానికి ఆమెను ఉంచాలో తీసెయ్యాలో తేల్చేస్తామని హెచ్ఆర్ మేడమ్ ప్రకటించింది.

సాయంత్రం వీడియోఅక్క జాలిపడి నిదానానికి ఫోన్ చేసింది. ఆమెది మంచి మనసే, అందులో అనుమానం అక్కర్లేదు.

"దిగులు పెట్టుకోకు. మొదటిసారి కదా అని పెద్దసారుతో నేను సర్దిచెప్తాను. ఈసారి నుంచి వీడియో కాస్త మనసు పెట్టి చూడు, ఏం?"

"చూశానక్కా. నాలుగైదుసార్లు వెనక్కి తిప్పి తిప్పి చూశాను. మా పెద్దదాన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చూశాను..."

వెనక నుంచి ఒక ఆడగొంతు ఖంగుమంది. "అప్పుడే చెప్పానా, ఇన్నేళ్ళ తర్వాత నీకెందుకివన్నీ అని! ఇంటిపట్టున ఉండక పదిమందిలో మాట పడ్డం."

"అమ్మా, నువ్వుండు" అంది నిదానం గొంతు తగ్గించి. ఆ తర్వాత ఇటువైపు, "ఉంటానక్కా" అని పెట్టేసింది.

వీడియోఅక్క ఫోన్ బల్ల మీద పెట్టింది. ఈమె నాలుగైదుసార్లు చూసి కూడా తప్పు నొక్కిందా అని ఆశ్చర్యపోయింది. కొందరికి ఎంత చెప్పినా ఎక్కదు, ఏం చేస్తాం అనుకుంది. ఆ ఆలోచన తనకే అంత బాగనిపించలేదు. లోపలికెళ్ళి పిల్ల లెక్కలు చూసింది.

గురువారం హెచ్ఆర్ మేడమ్ నుంచి కబురొచ్చింది. వీడియోలో ఏం చెప్పారో, మాటకు మాట రాసి పంపాలట.

"లింకు పంపుతాను, చూసుకోండి మేడమ్."

"ఫైల్లో లింకులు పెట్టుకుంటామాండీ? రేపు ఎవరైనా అడిగితే కాగితం చూపించాలి గానీ కుర్చీ వేసి సినిమా చూపిస్తామా?"

వీడియోఅక్కకు నవ్వొచ్చింది. సరే, దీనికేం భాగ్యం అనుకుంది. తలుపు దగ్గరగా వేసి, వీడియో పెట్టింది. ఒక వాక్యం విని ఆపడం, రాయడం, మళ్ళీ వినడం. తన వీడియో తను ఇలా చూడడం ఆమెకు ఇదే మొదటిసారి. తీసేశాక మొహం ఎలా వచ్చిందో చూసుకునేది గానీ, ఏం చెప్పానన్నది ఏనాడూ వినలేదు. చెప్పింది తనే కదా!

మొదట సరదాగానే సాగింది. ఎన్నిసార్లు 'అన్నమాట' అంటున్నానో అని సిగ్గుపడి, రాతలో రెండు మూడు చోట్ల తీసేసింది. అంతలో బటన్ల దగ్గరికి వచ్చింది. మూల గడిలో తన భుజం ముందుకు కదిలింది, గొంతు పెరిగింది. ఆపి, విన్నది విన్నట్టు రాసింది.

'ఇది చాలా ముఖ్యం. బాగా గుర్తుపెట్టుకోండి. దీన్ని నొక్కండి. దీన్ని మాత్రం పొరపాటున కూడా నొక్కొద్దు.'

రాసింది చదువుకుంది. ఏదో మాట విడిచిపెట్టానేమో అనుకుని వెనక్కి తిప్పి మళ్ళీ వింది. ఏమీ విడిచిపెట్టలేదు. ఇంకోసారి తిప్పి, ఈసారి తెరకేసి చూసింది. రెండు బటన్లు ఒకదాని పక్కన ఒకటి, అదే రంగు, అదే సైజు. వాటి మీద మౌసు బాణం లేదు. గుండ్రటి గడిలో ఆమె భుజం ఒకసారి ఇటు, ఒకసారి అటు కదులుతోంది. పెన్సిల్ తాకింది ఆమె ఇంట్లో ఉన్న అద్దపు తెరను. రికార్డయింది అద్దం వెనక ఉన్నది. పెన్సిల్ ఎవరికీ కనపడలేదు. ఆ రెండు బటన్లలో ఏది ఏదో ఈ వీడియో ఎన్నిసార్లు చూసినా ఎవరికీ తెలియదు.

బోర్డు తెరిచి, వీడియో కింద చూసింది. 'ఏది నొక్కాలి?' కింద తన జవాబు. దాని పక్కన నవ్వు బొమ్మ. ఆ బొమ్మను చూస్తే చెంప మీద కొట్టినట్టనిపించింది. తనకు కాదు, నిదానానికి తను కొట్టిన దెబ్బ అది. తప్పు సమాధానమైనా చెప్పలేదు తను. సమాధానమే లేనిచోట వెతుక్కోమంది. ఆ మనిషి పిల్లను పక్కన పెట్టుకుని మరీ వెతుక్కుంది.

అత్తగారు తలుపు సందులోంచి తొంగి చూశారు. "రికార్డింగా? ఫ్యాను ఆపనా?"

"కాదండీ అత్తయ్యా. రాసుకుంటున్నాను."

"రాసుకోవడమా!" అని ఆవిడ చోద్యంగా చూసి వెళ్ళిపోయారు.

తప్పు ఒప్పుకోవాలా వద్దా అన్న మీమాంస ఆమెకు లేదు. అంత పిరికిది కాదు. వెంటనే జుట్టు దువ్వుకుంది, దీపం సర్దుకుంది, ఫ్యాను ఆపమంది, ఇల్లంతా మళ్ళీ ఊపిరి బిగబట్టింది. "అందరికీ నమస్కారం. ఈ వీడియో కాస్త ఇబ్బందిగానే చేస్తున్నాను..." అని మొదలుపెట్టింది. మాటలు వాటంతటవే వచ్చాయి. పెన్సిల్ ఎత్తి చూపించి, "ఇదిగో, అసలు దొంగ వీడే!" అని తనమీద తనే జోకు వేసుకుంది. చివర్లో గొంతు కాస్త వణికింది, అది నటన కాదు.

పెట్టబోయే ముందు ఒకసారి చూసుకుంది. చూస్తుంటే ఆ తెర మీది మనిషి మీద ఆమెకే ముద్దొచ్చింది. ఎంత నిజాయితీ! ఎంత చనువు! దీన్ని చూసి పెద్దసారు "అయ్యో, పోన్లెండమ్మా, ఎవరికైనా జరిగేదే" అంటాడు. కుర్రాళ్ళు చప్పట్లు కొడతారు. వీడియోఅక్క గొప్పదని ఇంకోసారి అనుకుంటారు. నిదానం మాట ఎవరికి గుర్తుంటుంది? హెచ్ఆర్ ఫైల్లోకి ఇందులోంచి ఏం వెళుతుంది, ఆ వణికిన గొంతా? క్షమాపణ కూడా తన ఖాతాలోకే వచ్చి పడేట్టుందని ఆమెకు అప్పుడు తట్టింది. తన నోటి మంచితనం మీద ఆమెకు మొట్టమొదటిసారి భయం వేసింది.

ఆ వీడియోను చెరిపేసింది. "ఫ్యాను వేసుకోండి అత్తయ్యా" అని కేకేసి, కీబోర్డు దగ్గరికి జరిగింది.

రాయడం నరకంగా ఉంది. 'బహుశా', 'కొంతవరకు', 'అనుకోకుండా' అన్న మాటలు పిలవకుండానే వచ్చి కూర్చుంటున్నాయి. ఒక్కొక్కదాన్నే చెవి పట్టుకుని బయటికి పంపింది. మారుపేరు రాయడానికి చెయ్యి రాక 'మన టెస్టర్' అని రాసింది. చివరికి మిగిలింది కొంచెమే.

'సోమవారం వీడియోలో ఏ బటన్ నొక్కాలో నేను చెప్పలేదు. నా ముందున్న తెర మీద పెన్సిల్‌తో చూపించాను. పెన్సిల్ రికార్డులో పడలేదు. మన టెస్టర్ ఏది నొక్కాలని రాసి అడిగింది. వీడియో మళ్ళీ చూడమన్నాను. చాలాసార్లు చూసింది. అందులో జవాబు లేదు. భయపడి మళ్ళీ అడగలేదు. స్పష్టంగా చెప్పానని బుధవారం మీటింగులో నేను అన్నది నిజం కాదు. జరిగిన నష్టానికి కారణం నేను. రెండు బటన్లకూ ఈ రోజే వేరే పేర్లు పెట్టిస్తాను. ఆసుపత్రి వాళ్ళతోను, ఆపరేషన్ ఆగిపోయిన పెద్దాయనతోను నేనే మాట్లాడతాను.'

జట్టు బోర్డులో అందరికీ కనపడేట్టు పెట్టింది. హెచ్ఆర్‌కు, పెద్దసారుకు విడివిడిగా పంపింది.

పెద్దసారు ఫోన్ వెంటనే మోగింది.

"ఏంటమ్మా ఇది? ఎందుకిలా రాసిపడేశారు? చక్కగా ఒక వీడియో పెడితే పోయేది కదా. మీరు మాట్లాడితే ఎవరైనా కరిగిపోతారు."

"అందుకే రాశాను సార్."

"అది కాదమ్మా. రాతలో ఉంటే పైవాళ్ళ దాకా వెళుతుంది. నెలాఖరున మీ ఉత్తర్వు సంగతి తెలుసుగా? ఇంకా ఎవరూ చూసి ఉండరు, తీసెయ్యండి. ఆ టెస్టర్‌ని నేనే ఎలాగోలా ఇంకో మూడు నెలలు పొడిగిస్తాను. ఎవరికీ నష్టం ఉండదు."

"మూడు నెలలు పొడిగిస్తే ఆమె తప్పు చేసిందనే కదా సార్ అర్థం?"

"మీ ఇష్టం. నా చెయ్యి దాటిపోతుంది, తర్వాత నన్నేమీ అనకండి."

"దాటిపోవాలనే రాశాను సార్" అంది ఆమె. ఉత్తర్వు పోతుందని ఆమెకు తెలుసు. గొంతు మాత్రం మామూలుగానే వచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నానికే తేలిపోయింది. నిదానం ఉద్యోగం ఖాయం చేశారు. మిగతా జట్లకు నేర్పే బాధ్యత విషయం 'తర్వాత చూద్దాం' అన్నారు. తర్వాత అంటే ఏమిటో ఉద్యోగం చేసేవాళ్ళకెవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. బోర్డులో కుర్రాళ్ళు బిక్కచచ్చి ఉన్నారు. 'చాలా క్లియర్‌గా ఉంది' అన్నవాళ్ళలో ఒకడు మాత్రం 'నేను సరిగ్గా చూడకుండానే అన్నాను' అని కింద ఒక వాక్యం రాశాడు. బహుశా అతను పనికి సంబంధించి రాసిన మొదటి పూర్తి వాక్యం అదే.

సాయంత్రం నిదానం ఫోన్ చేసింది. అంతకుముందెప్పుడూ తనంతట తాను చేసిన మనిషి కాదు. కృతజ్ఞతలు చెబుతుందేమో, ఏడుస్తుందేమో అని వీడియోఅక్క ముందే ఓదార్పు మాటలు సిద్ధం చేసుకుంది.

"అక్కా, మీరు రాసింది చదివాను. మా అమ్మకు కూడా చదివి వినిపించాను."

"ఇప్పుడేమంటున్నారు అమ్మగారు?"

"ఇంకోసారి చదవమంది" అంది నిదానం. "అందులో ఒకటి తప్పుందక్కా."

వీడియోఅక్క నిటారుగా కూర్చుంది. "ఏది?"

"భయపడి మళ్ళీ అడగలేదని రాశారు. భయం కాదు. నాకు భయమైతే మొదటిసారి మాత్రం అడుగుతానా?"

"మరి ఎందుకు అడగలేదు?"

"అందులోనే ఉందని మీరన్నారు కదా. మీరు అన్నారంటే ఉండే ఉంటుందనుకున్నాను. నాకే కనపడట్లేదేమో అనుకున్నాను."

సిద్ధం చేసుకున్న ఓదార్పులన్నీ ఎటుపోయాయో తెలియలేదు. సంజాయిషీ ఏదో నాలుక చివరిదాకా వచ్చింది, మింగేసింది.

"మార్చమంటావా?" అంది చివరికి.

"మార్చండక్కా. పిరికిదాన్నని రాసి ఉంటే బాగుండదు."

ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఆమె ఆ వాక్యం కొట్టేసింది. దాని చోట ఇంకోటి రాయడానికి చాలాసేపు పట్టింది. అవతల నిదానం తొందరపెట్టలేదు, ఎదురుచూసింది.

"విను, చదువుతున్నాను. 'ఆమె మళ్ళీ అడగలేదు. నా మాట నమ్మింది.' సరిపోయిందా?"

"ఆ" అంది నిదానం. "ఇప్పుడు సరిపోయింది."